వంశపారంపర్య క్యాన్సర్ జన్యు పరీక్ష: కౌన్సెలింగ్‌కి తప్పక వెళ్లండి, "టాక్సిన్ రిస్క్" మాత్రం కొనకండి

ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని ఒక్కటే: ఏ రసాయనం డీఎన్‌ఏని పాడుచేస్తుందో, ఏది చేయదో తేల్చడం. రంగులు, పురుగుమందులు, మందుల తయారీలో మిగిలిపోయే మలినాలు, పొగలో ఉండే పదార్థాలు, ఏవి వచ్చినా ముందు బాక్టీరియా మీద, తర్వాత కణాల మీద పరీక్షించి రిపోర్టు రాసేవాళ్లం. రిటైరయ్యాక మా చెల్లెలికి అండాశయ క్యాన్సర్ అని తెలిసింది. ఆంకాలజిస్టు సలహా మీద చెల్లెలు, నేను, తమ్ముడు ముగ్గురం ఒక వంశపారంపర్య క్యాన్సర్ జన్యు పరీక్ష సేవకి వెళ్లాం. బయటి నుంచి వచ్చే క్యాన్సర్ కారకాలతోనే జీవితమంతా గడిపినదాన్ని కాబట్టి, పుట్టుకతో వచ్చే ముప్పును లెక్కగట్టే ఈ పరీక్షను మామూలు కస్టమర్ కంటే కాస్త ఎక్కువ పట్టి చూశాను.

సంస్థ పేరు రాయడం లేదు. నాకు నచ్చనివి ఆ ఒక్క సంస్థలోనే ఉన్నాయనుకోను. ఇలాంటి పరీక్ష ఎక్కడ చేయించుకున్నా మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కౌన్సెలింగ్ చాలా బాగుంది. అసలు పరీక్ష నమ్మదగినది. రిపోర్టు ఇచ్చిన పద్ధతి బాలేదు. దానితోపాటు అంటగట్టే "టాక్సిన్ రిస్క్" అనే అదనపు రిపోర్టుకి డబ్బు పెట్టడం దండగ.

మొదట కౌన్సెలింగ్ సంగతి. శాంపిల్ తీసుకోకముందే జెనెటిక్ కౌన్సెలర్ మాతో ఒక గంటకి పైగా కూర్చుంది. చిన్న వయసు అమ్మాయి. తెల్ల కాగితం తీసుకుని మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి వృత్తం, క్యాన్సర్ వచ్చినవాళ్ల గుర్తుని పెన్నుతో నింపడం, పక్కన జబ్బు బయటపడిన వయసు. "మా అమ్మ వైపు ఎవరికీ లేదండీ, ఇది నాకెలా వచ్చిందో" అంది చెల్లెలు. "నాన్నగారి వైపు ఎవరెవరు ఉన్నారో చెప్పండి మేడమ్" అని అడిగింది ఆ అమ్మాయి. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మేనత్తకి నలభైల్లోనే రొమ్ము క్యాన్సర్. బాబాయికి ప్రోస్టేట్ క్యాన్సర్. నానమ్మ "కడుపులో గడ్డ"తో పోయిందని ఇంట్లో అనుకునేవాళ్లం.

రొమ్ము, అండాశయాలు ఆడవాళ్లవి కాబట్టి ముప్పు కూడా తల్లి వైపు నుంచే వస్తుందని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. ఈ ముప్పుకి ముఖ్య కారణమైన రెండు జన్యువుల్లో బీఆర్‌సీఏ1 ఉండేది 17వ క్రోమోజోము మీద, బీఆర్‌సీఏ2 ఉండేది 13వ క్రోమోజోము మీద. ఈ రెండూ ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. తండ్రిలో పాడైన ప్రతి ఉంటే ప్రతి బిడ్డకీ అది వచ్చే అవకాశం సగం, కొడుకైనా కూతురైనా సరే. మా నాన్నకి ఏ క్యాన్సరూ రాలేదు, నిండుగా బతికి వెళ్లారు. అందుకే ఆయన వైపు ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. వంశవృక్షం కాగితం మీద మాత్రం నింపిన గుర్తులన్నీ ఆయన పక్కనే చేరాయి.

"కడుపులో గడ్డ" దగ్గర ఆ అమ్మాయి ఆగిన తీరు నాకు బాగా నచ్చింది. అది అండాశయమా, గర్భాశయమా, పెద్దపేగా? అండాశయమైతే బీఆర్‌సీఏ వైపు చూడాలి. గర్భాశయం లోపలి పొర గానీ, పెద్దపేగు గానీ అయితే లించ్ సిండ్రోమ్ అనే వేరే వంశపారంపర్య క్యాన్సర్ ముప్పు ఉంది, దాని జన్యువులు వేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయితే అది దాదాపుగా హెచ్‌పీవీ వైరస్ పని, వంశవృక్షంలో దానికి ఇంత బరువు ఇవ్వకూడదు. పాత కాగితాలేమైనా ఉన్నాయేమో చూడమంది. నానమ్మవి దొరకలేదు. మేనత్త పాథాలజీ రిపోర్టు మాత్రం వాళ్లమ్మాయి బీరువాలో దొరికింది, ఫొటో తీసి పంపింది. కౌన్సెలర్ దాన్ని ఫైల్లో పెట్టుకుని, అవసరమైన రెండు వాక్యాలు చదివి మాకు అర్థం చెప్పింది.

ఈ చదరాలూ వృత్తాల పద్ధతి వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ 1970ల మధ్యలో ఈ పని మొదలుపెట్టినప్పుడు, రొమ్ము క్యాన్సర్ లాంటి మామూలుగా కనబడే జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒక్క జన్యువు వల్ల రావచ్చంటే చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. ఆవిడ వదల్లేదు. 23 కుటుంబాలు, వాటిలో 146 రొమ్ము క్యాన్సర్ కేసులు. చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలను విడిగా చూస్తే, ఆ జన్యువు 17వ క్రోమోజోము పొడుగు చేయి మీద ఫలానా చోట ఉందని 1990లో ఆమె బృందం చూపించింది. 1994లో బీఆర్‌సీఏ1ని, 1995లో బీఆర్‌సీఏ2ని పట్టుకున్నారు. మేనత్తకి క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందని కౌన్సెలర్ అంత గట్టిగా అడగడానికి కారణం అక్కడుంది. వయసు లేకపోతే వంశవృక్షంలో సగం సమాచారం పోయినట్టే.

తర్వాత ఆ అమ్మాయి చెప్పిన మాటకి నేను పూర్తి మార్కులు వేస్తాను. నేనూ తమ్ముడూ అప్పుడే డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. "ముందు జబ్బు వచ్చినావిడకి చేద్దాం, మీరిద్దరూ ఆగండి" అంది. అమ్ముకునే సంస్థ మనిషి రెండు పరీక్షలు వెనక్కి నెట్టడం చిన్న విషయం కాదు. కారణం సరైనదే. జబ్బు రాని నాకు ముందు పరీక్ష చేసి ఏమీ కనబడలేదంటే దానికి రెండు అర్థాలు: కుటుంబంలో ఉన్న లోపం నాకు రాలేదు, లేదా ఆ లోపాన్ని ఈ పరీక్ష పట్టుకోలేకపోయింది. ఈ రెండింటినీ విడదీయలేం. చెల్లెలిలో ఏముందో తెలిస్తే, నాలో సరిగ్గా ఆ ఒక్క చోటే వెతికి అవునో కాదో చెప్పొచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి, ఆ మనిషి పరీక్షకి ఒప్పుకునే స్థితిలో ఉంటే, మొదటి పరీక్ష వాళ్లకే చేయించండి.

శాంపిల్ తీసుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కీమో వల్ల నోరెండిపోయి ఉన్న మనిషి చేత ఉమ్మి ట్యూబు నింపించకుండా రక్తం తీసుకున్నారు. మిగతావాళ్లం మా వంతు వచ్చినప్పుడు ఉమ్మే ఇచ్చాం, అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా. ఎముకమజ్జ మార్పిడి జరిగిందా అని ఫారంలో అడిగారు, మంచి ప్రశ్న. మార్పిడి జరిగినవాళ్ల రక్తంలో దాత డీఎన్‌ఏ ఉంటుంది, అది పరీక్షిస్తే వేరేవాళ్ల రిపోర్టు వస్తుంది.

పరీక్ష విషయానికొస్తే, ఇది క్యాన్సర్ ముప్పుకి సంబంధించిన చాలా జన్యువులను ఒకేసారి చదివే ప్యానెల్. నేను చూసిన మొదటి సంగతి, జన్యువు మొత్తం చదువుతున్నారా, తెలిసిన నాలుగు చోట్లే చూస్తున్నారా అని. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో నేరుగా ఇంటికి పంపే బీఆర్‌సీఏ పరీక్షకి మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు, అది చూసేది మూడంటే మూడు మార్పులనే. అవి తూర్పు, మధ్య యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో తరచు కనబడేవి. తెలిసిన బీఆర్‌సీఏ మార్పులు వెయ్యికి పైనే ఉన్నాయని ఆ ప్రకటనలోనే చెప్పారు. అలాంటి కిట్‌లో "ఏమీ లేదు" అని వచ్చిందని ఊపిరి పీల్చుకుంటే మనలాంటివాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మేం వెళ్లిన చోట జన్యువు మొత్తం చదవడంతో పాటు, పెద్ద ముక్కలు ఎగిరిపోవడం, రెట్టింపు కావడం లాంటివి కూడా చూస్తామని రాతపూర్వకంగా ఇచ్చారు. డీఎన్‌ఏ అక్షరాలు చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో ఇవి జారిపోతుంటాయి. ఇంకో మంచి విషయం, పీఎంఎస్2 అనే జన్యువుకి దాదాపు అచ్చం దానిలాగే ఉండే నకలు ఒకటి మన జీనోమ్‌లో ఉంది, అందుకని అక్కడ ఫలితం తేల్చడం కష్టమని రిపోర్టు చివర ఒప్పుకున్నారు. పరిమితి ఏమిటో చెప్పే ల్యాబ్‌నే నేను నమ్ముతాను.

చెల్లెలి ఫలితం: బీఆర్‌సీఏ2లో హానికరమైన ఫ్రేమ్‌షిఫ్ట్. ఆ పదం చూడగానే నాకు టీఏ98 గుర్తొచ్చింది. అది మేం వాడే సాల్మొనెల్లా బాక్టీరియా రకం, ఫ్రేమ్‌షిఫ్ట్ మార్పులను పట్టుకోవడానికే తయారుచేసినది. డీఎన్‌ఏ అక్షరాలను కణం మూడేసి చొప్పున చదువుతుంది. మధ్యలో ఒక్క అక్షరం జారిపోతే అక్కడి నుంచి చివరిదాకా ప్రతి మూడక్షరాల ముక్కా తప్పుగా పడుతుంది, కాసేపటికే "ఇక్కడ ఆపు" అనే సంకేతం తగిలి ప్రొటీన్ సగంలో తెగిపోతుంది. బీఆర్‌సీఏ2 ప్రొటీన్ పని, డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు సరిగ్గా అతికించడం. అలా తెగిన ప్రొటీన్‌ని తయారుచేసే జన్యు ప్రతిని ఒకదాన్ని చెల్లెలు పుట్టుకతోనే మోస్తోంది. రెండో మంచి ప్రతి కూడా ఏదో ఒక కణంలో పోయిన రోజున ఆ కణంలో మరమ్మతు ఆగిపోతుంది. ఆల్ఫ్రెడ్ నడ్సన్ 1971లో కంటి క్యాన్సర్ ఉన్న పిల్లల లెక్కలతో చెప్పిన "రెండు దెబ్బల" సిద్ధాంతం ఇదే.

ఆ మార్పు ఎంత భాగం రీడ్లలో (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో) కనబడిందో కూడా రిపోర్టులో ఉంది, సగానికి దగ్గరగా. ఇది రాయని ల్యాబ్‌లను అడిగి తెలుసుకోండి. వయసు మీదపడ్డాక, ముఖ్యంగా కీమో తర్వాత, కొన్ని రక్తకణాలు సొంతంగా మార్పులు తెచ్చుకుని గుంపుగా పెరుగుతాయి. అప్పుడు టీపీ53, ఏటీఎం లాంటి జన్యువుల్లో కనబడే మార్పు పుట్టుకతో వచ్చింది కాకపోవచ్చు, కుటుంబంలో ఎవరికీ ఉండకపోవచ్చు. తక్కువ శాతంలో కనబడితే ఆ అనుమానం రావాలి.

ఇక ఫిర్యాదు. ఇంత ముఖ్యమైన ఫలితం చెల్లెలి ఫోన్‌కి రాత్రిపూట మెసేజ్‌గా వచ్చింది. లింకు నొక్కితే పైన ఎర్రటి గడిలో "పాజిటివ్", కింద "రొమ్ము క్యాన్సర్ ముప్పు 69 శాతం". కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ ఆ తర్వాతెప్పుడో. "అక్కా, ఒక క్యాన్సర్ సరిపోలేదా నాకు" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ రాత్రి నేను వెళ్లి పక్కన కూర్చున్నాను, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి చెప్పగలిగాను. అది 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం నుంచి తీసుకున్నది, బీఆర్‌సీఏ2 లోపం ఉన్న స్త్రీలకి 80 ఏళ్లు వచ్చేలోపు ఉండే మొత్తం ముప్పు. అండాశయానికి అదే అధ్యయనంలో 17 శాతం. అది రేపటి గురించో వచ్చే ఏడాది గురించో చెప్పిన అంకె కాదు. ఇంట్లో ఇలా చెప్పేవాళ్లు లేని మనిషి ఆ రాత్రి ఎలా గడపాలి? ఫలితం సిద్ధం కాగానే ఆటోమేటిక్‌గా వెళ్లిపోతుందట. కౌన్సెలర్ మాట్లాడేదాకా తెరుచుకోకుండా పెట్టడం సాంకేతికంగా ఏమంత కష్టం? నేను రాతపూర్వకంగా అడిగాను. మీరు కూడా శాంపిల్ ఇచ్చేముందే "నాతో మాట్లాడాకే రిపోర్టు విడుదల చేయండి" అని రాసివ్వండి.

కౌన్సెలర్ మాట్లాడిన రోజు మాత్రం మళ్లీ ఆ మొదటి రోజు నాణ్యతే. ఆమె ముందు చెప్పింది భయం గురించి కాదు, మందు గురించి. బీఆర్‌సీఏ లోపం ఉన్న కణితి కణాలకి డీఎన్‌ఏ మరమ్మతులో ఒక దారి ముందే మూసుకుపోయి ఉంటుంది. ఓలాపారిబ్ లాంటి పార్ప్ ఇన్హిబిటర్లు అనే మందులు రెండో దారిని కూడా మూసేస్తాయి. ఆ కణాలు తట్టుకోలేవు, మామూలు కణాలు చాలావరకు తట్టుకుంటాయి. 2014లోనే అండాశయ క్యాన్సర్‌కి ఈ మందుకి అనుమతి వచ్చింది. ఈ రిపోర్టు పట్టుకుని చెల్లెలు ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్తే, కీమో అయ్యాక ఇవ్వబోయే మందుల ప్రణాళిక మారింది. ఈ ఒక్క కారణంతోనే ఈ పరీక్ష మాకు విలువైనదైంది.

నా ఫలితం: చెల్లెలిలో ఉన్న ఆ మార్పు నాకు రాలేదు. సరిగ్గా ఎక్కడ వెతకాలో తెలిసి వెతికారు కాబట్టి ఈ "లేదు" గట్టి "లేదు". మామూలు జనానికి ఉండే ముప్పు నాకూ ఉంటుంది, మామోగ్రామ్ మానేయకూడదు, అంతే. కానీ ఆ ఒక్క చోటుతో ఆగకుండా నాకు ప్యానెల్ మొత్తం చేసినందువల్ల ఏటీఎం జన్యువులో "ప్రాముఖ్యత తెలియని మార్పు" ఒకటి బయటపడింది. దాన్ని రిపోర్టు మొదటి పేజీలో, పసుపు రంగు గడిలో, ఆశ్చర్యార్థకం గుర్తుతో అచ్చేశారు. నాకు రాలేదన్న అసలు వార్త రెండో పేజీలో ఉంది.

ఇది సరైన పద్ధతి కాదు. 2015 నుంచి ల్యాబ్‌లన్నీ దాదాపుగా ఐదు మెట్ల వర్గీకరణ వాడుతున్నాయి: హానికరం, బహుశా హానికరం, ప్రాముఖ్యత తెలియదు, బహుశా నిరపాయం, నిరపాయం. మధ్య మెట్టు మీద ఉన్నది అనుమానితుడు కూడా కాదు, దాని గురించి ఇంకా సాక్ష్యం లేదంతే. ప్రతి మనిషి డీఎన్‌ఏలోనూ ఇలాంటి అరుదైన అక్షరభేదాలు ఉంటాయి. ఎక్కువ జన్యువులు చదివితే ఎక్కువ కనబడతాయి. తర్వాత్తర్వాత తిరిగి వర్గీకరించినవాటిలో అత్యధికం నిరపాయం వైపే వెళ్తున్నాయి. వీటి ఆధారంగా ఆపరేషన్ నిర్ణయాలు తీసుకోకూడదు, బంధువులకి పరీక్షలు చేయించకూడదు. కౌన్సెలర్ ఇదంతా స్పష్టంగా చెప్పింది. ఆమె నోటితో చెప్పిందానికీ ఆ పసుపు గడి చెప్పిందానికీ పొంతన లేదు. పైగా వర్గీకరణ మారితే వాళ్లంతట వాళ్లు చెబుతారా అంటే, ఏడాదికోసారి మీరే అడగండి అన్నారు. ఆ బాధ్యత ల్యాబ్‌ది కావాలి. మార్పు ఎవరిదో, వాళ్ల ఫోన్ నంబరేమిటో వాళ్ల దగ్గరే ఉంది కదా.

ఇప్పుడు "టాక్సిన్ రిస్క్". ఇది అదనంగా డబ్బు కడితే వచ్చే రిపోర్టు. శరీరంలో రసాయనాలను మార్చే ఎంజైములను తయారుచేసే జీఎస్‌టీఎం1, ఎన్ఏటీ2, సీవైపీ1ఏ1 లాంటి జన్యువులు చూసి, "మీ శరీరం క్యాన్సర్ కారకాలను సరిగ్గా బయటికి పంపలేదు" అంటూ స్కోరు ఇస్తుంది, చివర్న "డిటాక్స్" మాత్రలు సూచిస్తుంది. తమ్ముడు ఎవరికీ చెప్పకుండా కొన్నాడు, ఎరుపు స్కోరు చూసి నాకు పంపాడు. ఈ జన్యువుల పని గురించి నాకు తెలిసినంతా ఇక్కడ రాస్తాను, ఎందుకంటే నా ఉద్యోగంలో సగం దీని చుట్టూనే తిరిగింది.

రసాయనాలు డీఎన్‌ఏని మారుస్తాయో లేదో తేల్చడానికి అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ 1973లో ప్రచురించిన పరీక్షలో కీలకం బాక్టీరియా కాదు, కాలేయం. టీఏ98 బాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. హిస్టిడిన్ చాలా కొద్దిగా మాత్రమే ఉన్న ప్లేటు మీద దాన్ని పోసి 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే, హిస్టిడిన్‌ని మళ్లీ తయారుచేసుకునేలా తమంతట తాము మారిన కొద్ది బాక్టీరియా మాత్రం కాలనీలుగా లేస్తాయి, ఓ ముప్పయ్యో నలభయ్యో. పొగలో ఉండే బెంజోపైరీన్ కలిపినా దాదాపు అంతే. అదే ప్లేటుకి, ఐసులో పెట్టుకున్న ఎలుక కాలేయపు ద్రవం, మేం ఎస్9 అంటాం, కొంచెం కలిపి చూడండి. రెండు రోజులకి మూత తీస్తే ప్లేటంతా తెల్లటి చుక్కలు, వందల్లో. బెంజోపైరీన్ తనంతట తాను డీఎన్‌ఏకి అతుక్కోదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని బయటికి పంపడానికి నీళ్లలో కరిగేలా మార్చబోతాయి, ఆ మధ్య దశలో పుట్టే పదార్థం డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. క్యాన్సర్ కారకాలు చాలావరకు శరీరంలోకి వెళ్లాకే ఇలా చురుకైన రూపానికి మారతాయని ఏమ్స్ కంటే ముందే జేమ్స్, ఎలిజబెత్ మిల్లర్ దంపతులు చూపించారు. ఆ అతుకులు ఊపిరితిత్తుల కణాల్లో టీపీ53 జన్యువు మీద సరిగ్గా ఏ చోట్ల పడతాయో 1996లో చూపించారు. పొగతాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ జన్యువు ఎక్కువగా పాడయ్యేది కూడా ఆ చోట్లలోనే.

కాబట్టి "ఈ ఎంజైము చురుగ్గా ఉంటే మంచిది, నెమ్మదిగా ఉంటే చెడ్డది" అని ఒక స్కోరు ఇవ్వడం జీవరసాయనశాస్త్రానికే విరుద్ధం. ఒకే ఎంజైము ఒక రసాయనాన్ని విషంగా మారుస్తుంది, ఇంకో రసాయనాన్ని విరిచేస్తుంది. ఎన్ఏటీ2 తీసుకోండి. ఇది నెమ్మదిగా పనిచేసేవాళ్లకి మూత్రాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 1.4 రెట్లని అధ్యయనాలు చూపించాయి, అదీ ముఖ్యంగా పొగతాగేవారిలో. బాగా మాడిన మాంసంలో పుట్టే రసాయనాలు, పెద్దపేగు క్యాన్సర్‌ల సంబంధం విషయంలో మాత్రం వేగంగా పనిచేసేవాళ్లకే ముప్పు ఎక్కువని కొన్ని అధ్యయనాలు, తేడా ఏమీ లేదని మరికొన్ని. జీఎస్‌టీఎం1 పూర్తిగా లేని మనుషులు చాలా జనాభాల్లో సగం దాకా ఉంటారు. జనాభాలో సగం మందికి ఎరుపు రంగు చూపించే స్కోరు వల్ల ఎవరికి ఏం తెలుస్తుంది? పొగతాగడం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును 15 నుంచి 30 రెట్లు పెంచుతుంది. దాని పక్కన ఈ 1.4 ఎక్కడ? ఎన్ఏటీ2 ఎలా ఉన్నా సిగరెట్ మానేయమనే చెప్పాలి. స్కోరు బాగుందని వచ్చినవాడు "నాకేం కాదులే" అనుకుంటే ఆ రిపోర్టు హాని చేసినట్టే.

ఆ మాత్రల గురించి కూడా ఒక మాట. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగి, 1994లో ఫలితాలు వచ్చిన పరీక్షలో, క్యాన్సర్‌ని ఆపుతుందనుకున్న బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో జరుగుతున్న ఇంకో పరీక్షను ఇదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. మంచి చేస్తుందని అందరూ నమ్మిన పదార్థమే ఇలా చేసింది. ఆధారం లేని "డిటాక్స్" మాత్రను ఒక జన్యు పరీక్ష సంస్థ తన లెటర్‌హెడ్ మీద సూచించడం నాకు చాలా బాధ కలిగించింది. అదే సంస్థలో అంత నిజాయితీగా మాట్లాడే కౌన్సెలర్లు ఉన్నారు. ఈ రిపోర్టు గురించి ఆ అమ్మాయిని అడిగితే "అది మా విభాగం కాదు మేడమ్" అని తల దించుకుంది. ఆమె తప్పేం లేదు.

సమాచార గోప్యత గురించి ఫారం జాగ్రత్తగా చదవండి. పరిశోధనకి ఇవ్వడానికి సమ్మతి విడిగా అడిగారు, కానీ ఆ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. 2025 మార్చిలో అమెరికా జన్యు పరీక్షల సంస్థ 23అండ్‌మీ దివాలా దరఖాస్తు పెట్టినప్పుడు లక్షలాది మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న వచ్చింది. పరిశోధనకి ఇవ్వడానికి నేను వ్యతిరేకిని కాదు, నాది ఇచ్చాను కూడా. కింగ్ పని ఆ కుటుంబాలు ఇచ్చినందువల్లే జరిగింది. కానీ టిక్కు మనం పెట్టాలి.

ఈ సేవలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది, బంధువులకి ఇవ్వమని వాళ్లు రాసిచ్చిన ఉత్తరం. ఒకే పేజీ. ఏ జన్యువులో ఏ మార్పు, ఎవరెవరు పరీక్ష చేయించుకోవచ్చు, ఏ ల్యాబ్‌కైనా ఈ కాగితం చూపిస్తే ఆ ఒక్క చోటే వెతుకుతారని స్పష్టంగా ఉంది. మేనత్త పిల్లలకీ, బాబాయి పిల్లలకీ నేనే ఫోన్లు చేసి పంపాను. మొదటి రోజు డబ్బు కట్టడానికి సిద్ధపడినా, తర్వాత "ఆడవాళ్ల జబ్బు కదక్కా, నాకెందుకు" అని వెనకాడిన తమ్ముడు, ఉత్తరంలో బాబాయి ప్రోస్టేట్ గురించి రాసిన వాక్యం చదివి ఒప్పుకున్నాడు. వాడికి ఆ మార్పు ఉంది. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న మగవాళ్లకి ప్రోస్టేట్ పరీక్షలు 40 ఏళ్ల నుంచే మొదలుపెట్టమంటారు. మగవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ రావచ్చు, వీళ్లలో ఆ ముప్పు మామూలు మగవాళ్లకంటే చాలా ఎక్కువ. వాడిప్పుడు ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకుంటున్నాడు.

వాడికి ఇద్దరు కూతుళ్లు. పెద్దది చదువు పూర్తిచేసింది, చిన్నది ఇంకా స్కూల్లోనే. ఇద్దరికీ వెంటనే చేయించేద్దామన్నాడు. చిన్నదానికి ఇప్పుడు చేయకూడదని కౌన్సెలర్ చెప్పింది. బీఆర్‌సీఏ ఉన్నా స్కూలు వయసులో చేయాల్సింది ఏమీ లేదు, పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో ఆ పిల్లే తేల్చుకోవాలి. రొమ్ము ఎంఆర్ఐలు మొదలయ్యేది 25 ఏళ్లకి, అండాశయాలు తీయించుకోవడం గురించి ఆలోచించేది బీఆర్‌సీఏ2లో అయితే 40-45 మధ్య. పెద్దదాన్ని మాత్రం తండ్రి లేకుండా ఒంటరిగా రమ్మంది. "పెద్దత్తా, నేనడగాల్సినవి రాసుకున్నాను, చూస్తావా" అని పెద్దది ఒక కాగితం పంపింది. మొదటి ప్రశ్న, రిపోర్టు నాతో మాట్లాడకముందే ఫోన్‌కి వస్తుందా అని.